జరగని నష్టానికీ ఒక అవార్డు!

నది పొంగకముందే పొంగు లెక్క, తుఫాను రాకముందే తుఫాను బొమ్మ. కాగితం మీద, కంప్యూటరులో ముందే చూసి ఊళ్ళను కాపాడేవాళ్ళకు ఇచ్చే పురస్కారాల గురించి...

"ఫలానావాళ్ళకి మోడలింగ్‌లో అవార్డు వచ్చిందట" అని ఎవరైనా అంటే మనకు ముందుగా ఏం గుర్తొస్తుంది? నిజం చెప్పండి! జరీ మెరిసే గద్వాల చీర కట్టుకుని, దీపాల వెలుగులో వయ్యారంగా నడిచి వచ్చే అమ్మాయే కదూ! మా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఆడవాళ్ళమైతే ఇంకో అడుగు ముందుకేసి ఆ చీర అంచు ఎంత, కొంగు ఎంత, ఖరీదెంత అన్నదాకా వెళ్ళిపోతాం.

అయితే ఇంకో రకం మోడలింగ్ కూడా ఉంది. ఒక నదినో, సముద్రాన్నో, పంట చేనునో లెక్కల్లో తయారుచేసి కంప్యూటరులో పెట్టుకునే పని అది. ఆ లెక్కల నది మీద లెక్కల వాన కురిపించి, వరద రప్పించి, ఏ ఊళ్ళోకి ఎన్ని అడుగుల నీళ్ళు వస్తాయో చూడటాన్ని సిమ్యులేషన్ అంటారు. ఈ పనిలో గొప్పవాళ్ళకి ప్రపంచంలో ఎన్నో పతకాలున్నాయి. మన తెలుగువాళ్ళూ అందుకున్నారు. మన హైదరాబాదులోని ఒక సంస్థ 2025లో జాతీయ పురస్కారం తెచ్చుకుంది.

"కంప్యూటర్ల గొడవ మనకెందుకమ్మా, సాయంత్రం కూరేమిటో చెప్పు" అనకండి. కృష్ణకీ తుంగభద్రకీ మధ్య బతికేవాళ్ళం మనం. ఆ లెక్క సరిగ్గా కుదిరి, ఆ కబురు వేళకి మన గడపకి చేరితే బియ్యం డబ్బా తడవదు, పిల్లల సర్టిఫికెట్లు నీళ్ళపాలు కావు. చేరకపోతే ఏమవుతుందో 2009లో కళ్ళారా చూశాం.

మగ్గం ఎక్కకముందే చీర

మోడల్ అంటే ఏమిటో తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. గద్వాల చీరలు నేసే ఇంటికి ఒకసారి వెళ్ళి చూడండి. అంచులో హంస రావాలన్నా, కోటకొమ్మ రావాలన్నా ముందు గళ్ళ కాగితం మీద దింపుతారు. ఒక్కో చిన్న గడి ఒక్కో పోగు లెక్క. ఏ గడిలో రంగు నింపితే మగ్గం మీద ఆ పోగు పైకి లేవాలన్నమాట. ఆ లెక్క ప్రకారం అట్టలకి రంధ్రాలు కొట్టి జాకార్డుకి తగిలిస్తారు. తప్పు గళ్ళ కాగితం మీద దొరికితే రబ్బరుతో చెరిపేస్తే సరి. మగ్గం మీద దొరికితే? నూలు ఒంటికి పట్టు అంచుని పోగుపోగునా ముడివేసి కలిపే చీర అది. రోజుల తరబడి పడ్డ కష్టం, కొన్న పట్టు, జరీ అన్నీ పోతాయి.

ఆ గళ్ళ కాగితమే మోడల్. అదే కాగితం మీద ఈ రంగు బాగుంటుందా, ఆ రంగు బాగుంటుందా, హంసని ఇంకాస్త పెద్దది చేస్తే అంచులో పడుతుందా అని మార్చి మార్చి చూసుకోవడం సిమ్యులేషన్. ఖరీదైన జాకెట్టు బట్ట మీద కత్తెర పెట్టేముందు మనం న్యూస్‌పేపర్ కత్తిరించి చూసుకోవడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

నదికి చేసే మోడల్ కూడా చాలావరకు గళ్ళ పద్ధతే! నది చుట్టూ ఉన్న నేలనంతా గళ్ళుగా విడగొడతారు. ప్రతి గడికీ కొన్ని వివరాలు రాసుకుంటారు. అక్కడ నేల ఎంత ఎత్తులో ఉంది, ఎటు వాలుగా ఉంది, నల్లరేగడా చెల్క నేలా, చెట్లున్నాయా, సిమెంటు రోడ్లున్నాయా. నల్లరేగడి ఒకసారి తడిసి నిండిందంటే ఆ తరువాత పడ్డ వాన పైనుంచే జారిపోతుంది. చెల్క నేల ఇంకా కొంత తాగుతుంది. ఇప్పుడు ఏ గడిలో ఎంత వాన పడిందో చెబితే, ఎంత ఇంకింది, ఎంత పక్క గడిలోకి పారింది, వాగులోకి ఎంత వచ్చింది, నదిలో ఎన్ని గంటలకి ఎంత ఎత్తున ఉంటుంది అని కంప్యూటరు గడి గడికీ లెక్క కడుతూ పోతుంది. మనిషి కూర్చుని చేస్తే నెలలు పట్టే పని. కంప్యూటరు వరదకంటే ముందే చేసి పెట్టాలి. వరద వెళ్ళాక వచ్చిన జవాబు ఎవరికి కావాలి చెప్పండి!

2009 అక్టోబరు

ఆ రోజులు గుర్తున్నాయా? అప్పటికి మనదంతా మహబూబ్‌నగర్ జిల్లానే. (గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరే జిల్లాలైంది 2016 అక్టోబరు 11న.) ఆ ఏడు మొదట వానల్లేక దేవుళ్ళకి మొక్కుకున్నాం. సెప్టెంబరు ఆఖరులో పట్టిన ముసురు వదల్లేదు. ఉత్తర కర్ణాటకలోనూ, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ కుండపోత. కృష్ణ, తుంగభద్ర రెండూ ఒకేసారి పొంగాయి. అక్టోబరు 2న కర్నూలు పట్నం మునిగింది. తుంగభద్ర ఒడ్డున మన అలంపురం, రాజోలి నీళ్ళల్లో నిలబడ్డాయి.

రాజోలి నేతగాళ్ళ ఊరు. గుంట మగ్గాల ఊరు. గుంట మగ్గమంటే నేలలో గుంత తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసేది. నీళ్ళొస్తే ముందు నిండేది ఆ గుంతే. నీళ్ళు తీశాక బురదలోంచి అట్టలూ, పోగులూ ఏరుకుంటున్న ఆడవాళ్ళని మా బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు చూశాను. "పిల్లల్ని ఎత్తుకుని మిద్దెక్కడానికే టైమ్ సరిపోయింది, మగ్గాన్ని ఎట్ల ఎత్తుకపోతం అక్కా" అన్న మాట ఒక్క ఇంట్లో కాదు, చాలా ఇళ్ళల్లో విన్నాను.

అదే వరద నల్లమల అంచున శ్రీశైలం డ్యాముకి చేరేసరికి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. క్యూసెక్కు అంటే సెకనుకి సుమారు 28 లీటర్లు. మన నీళ్ళ బిందెలు రెండనుకోండి. అంటే కన్ను మూసి తెరిచేలోగా 50 లక్షల బిందెల నీళ్ళు! ఆ డ్యాము కట్టేటప్పుడు లెక్కలో పెట్టుకున్న గరిష్ఠ వరద సుమారు 19 లక్షల క్యూసెక్కులు. పూర్తి నీటిమట్టం 885 అడుగులైతే నీళ్ళు దాన్ని దాటి పైకి వచ్చాయి. కిందనున్న ఊళ్ళన్నీ ఊపిరి బిగబట్టి కూర్చున్నాయి. డ్యాము నిలబడింది. అదృష్టం!

ఇక్కడ మనం గమనించాల్సిన విషయం ఒకటుంది. వరద ఆకాశం నుంచి ఒక్కసారి మన నెత్తిన పడదు. ఎగువన వాన పడటానికీ, ఆ నీళ్ళు నదిలో దిగి ఆలమట్టి, నారాయణపూర్ దాటి మన జూరాల చేరడానికీ మధ్య సమయం ఉంటుంది. అటు తుంగభద్ర డ్యాము నుంచి సుంకేసులకి రావడానికీ సమయం పడుతుంది. ఆ మధ్య గంటలే మన ఆస్తి. ఆ గంటల్ని ఎవరో లెక్క కట్టి, ఎవరో నమ్మి, ఎవరో డప్పు వేయించి మన గడప దాకా తేవాలి. అప్పుడే మగ్గం నుంచి అట్టలన్నా విప్పుకోవచ్చు, పశువుల పలుపులన్నా తప్పించవచ్చు.

నీళ్ళు పోసి చూసే బొమ్మ ఆనకట్టలు

కంప్యూటర్లు లేని రోజుల్లో ఏం చేసేవారు? నిజంగానే బొమ్మ నది కట్టి నీళ్ళు పోసేవారు! 1916లో మొదలై, ఇప్పుడు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న కేంద్ర జల విద్యుత్ పరిశోధన సంస్థలో ఈ పని వందేళ్ళకు పైగా సాగుతోంది. మన హైదరాబాదు హిమాయత్‌సాగర్ దగ్గర కూడా సాగునీటి శాఖవారి పరిశోధనాలయం ఉంది. అక్కడ ప్రాజెక్టుకి అచ్చుగుద్దినట్టు చిన్న ఆనకట్టని సిమెంటుతో కట్టి, గేట్లు పెట్టి, నీళ్ళు పారించి చూస్తారు. గేటు కింద నేల కోసుకుపోతోందా, నీళ్ళు గోడెక్కి దూకుతున్నాయా అన్నది అక్కడే బయటపడుతుంది. బొమ్మలో తేలిన తప్పుకి నాలుగు బస్తాల సిమెంటు ఖర్చు. నిజం డ్యాములో తేలితే ఊళ్ళకు ఊళ్ళు. ఇప్పుడు చాలావరకు కంప్యూటరులోనే చూసుకుంటున్నా ఈ బొమ్మ ఆనకట్టల పని ఆగలేదు. రెండింటి జవాబులూ కలిస్తే ఇంజినీర్లకి ధైర్యం.

హైదరాబాదులో సముద్రం!

ఇప్పుడు చెప్పబోయేది వింటే మీరు నవ్వుతారు. సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదులో మన దేశ సముద్రాలన్నిటినీ కాపలా కాసే ఆఫీసుంది. ప్రగతినగర్ వైపు ఉంది. పేరు ఇన్‌కాయిస్. పూర్తి పేరు భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం. 1999లో ఏర్పాటైంది.

2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా దీవి దగ్గర సముద్రం అడుగున భూకంపం వచ్చింది. సునామీ అలలు మన తూర్పు తీరానికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. రెండు గంటలంటే ఎంత సమయమో ఆలోచించండి. వంట ముగించి, గిన్నెలు కడిగి, ఒక కునుకు తీయవచ్చు. అయినా మన దేశంలోనే పది వేలమందికి పైగా పోయారు. అల వస్తోందని లెక్క కట్టి చెప్పే ఏర్పాటు అప్పట్లో హిందూ మహాసముద్రానికి లేదు.

ఆ తరువాత 2007 అక్టోబరులో ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. అది పనిచేసే తీరు మన ఇంటి పని తీరులాగే ఉంటుంది. చుట్టాలు చెప్పకుండా వస్తే ఏం చేస్తాం? అప్పటికప్పుడు పప్పు నానబెట్టం కదా! పచ్చడి, పొడి, పిండి ముందే చేసి పెట్టుకుంటాం. అలాగే అక్కడి శాస్త్రవేత్తలు ఎక్కడెక్కడ భూకంపం రావచ్చో, ఎంత పెద్దది రావచ్చో అంచనా వేసి, వేల రకాల సునామీలను ముందే కంప్యూటరులో నడిపి ఆ జవాబులు దాచిపెట్టుకున్నారు. నిజం భూకంపం రాగానే దానికి దగ్గరగా ఉన్న జవాబు బయటికి తీస్తారు. ఏ తీరానికి, ఎన్ని గంటలకి, ఎంత ఎత్తు అల అన్నది పది నిమిషాల్లో చెప్పేస్తారు. ఆ తరువాత సముద్రం అడుగున పెట్టిన పరికరాలు, తీరంలోని కొలబద్దలు చెప్పే నిజం లెక్కతో సరిచూసుకుంటూ మార్పులు చేస్తారు. 2011 నుంచి ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో పాటు మన కేంద్రమూ హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకి ఈ సమాచారం ఇస్తోంది.

సునామీలొక్కటే కాదు. 2013లో ఫైలిన్, 2014లో విశాఖను ఊపేసిన హుద్‌హుద్ తుఫానుల వేళ కూడా తీరానికి ఇక్కడి నుంచి సమాచారం వెళ్ళింది. సముద్రంలో తప్పిపోయిన మనిషి, పడవ గాలికీ కెరటాలకీ ఎటు కొట్టుకుపోయి ఉంటాయో లెక్కకట్టి, వెతికేవాళ్ళకి దారి చూపే ఏర్పాటు కూడా ఇక్కడ ఉంది.

ఈ పనికే 2025లో కేంద్ర ప్రభుత్వం సుభాష్ చంద్రబోస్ ఆపదా ప్రబంధన్ పురస్కారాన్ని సంస్థల విభాగంలో ఇన్‌కాయిస్‌కి ప్రకటించింది. నేతాజీ పుట్టినరోజు జనవరి 23న ఏటా ప్రకటించే పురస్కారమిది. సంస్థకైతే 51 లక్షల రూపాయలు, ప్రశంసాపత్రం. వ్యక్తికైతే 5 లక్షలు. విపత్తుల నుంచి జనాన్ని కాపాడే పనికిచ్చే అవార్డే అయినా, దాని వెనుక ఉన్నది ఈ మోడలింగ్ కష్టమే.

"ఏమీ జరగలేదు కదా!"

అన్ని అవార్డుల్లోనూ దీన్ని ఇవ్వడమే కష్టమేమో అనిపిస్తుంది నాకు. ఎందుకంటారా? పాట పాడితే చెవులకి వినిపిస్తుంది. వంట చేస్తే నాలుకకి తెలుస్తుంది. ఆటలో గెలిస్తే కప్పు కనపడుతుంది. వీళ్ళ పని బాగా సాగిన రోజున కనపడటానికి ఏమీ ఉండదు. వరద వస్తుంది, పోతుంది. మనుషులు బతికే ఉంటారు. మర్నాడు పేపర్లో నాలుగు లైన్ల వార్త. "అంతా హడావుడి చేశారుగానీ ఏమీ జరగలేదు కదా" అనేవాళ్ళే ఎక్కువ.

మన సంగతీ అంతేగా! ఇంట్లో గ్యాసు అయిపోకముందే సిలిండరు బుక్ చేస్తే ఎవరూ మెచ్చుకోరు. జ్వరం మాత్ర డబ్బాలో సిద్ధంగా ఉంటే ఎవరూ గమనించరు. లేని రోజున మాత్రం ఇల్లంతా అరుస్తుంది.

2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర మళ్ళీ 8.6 తీవ్రతతో పెద్ద భూకంపం వచ్చింది. 2004 గుర్తొచ్చి జనం హడలిపోయారు. అయితే ఈసారి సముద్రపు అడుగు పలకలు పైకి లేవలేదు, పక్కకి జరిగాయి. అలా జరిగితే నీళ్ళు అంతగా ఎగరవు. ఇన్‌కాయిస్ వారు లెక్కలు చూసి నికోబార్‌లోని కొన్ని చోట్లకి మాత్రమే పెద్ద హెచ్చరిక ఇచ్చారు. మన ప్రధాన తీరంలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించాల్సిన అవసరం పడలేదు. నిజంగానే పెద్ద సునామీ రాలేదు. ప్రమాదం ఉందని చెప్పడానికి ఎంత లెక్క కావాలో, లేదని చెప్పడానికి అంతకు రెట్టింపు గుండె ధైర్యం కావాలి. ఉట్టుట్టిగా నాలుగుసార్లు ఊరు ఖాళీ చేయిస్తే ఐదోసారి నిజం చెప్పినా ఎవరూ కదలరు.

అందుకే ఇలాంటి అవార్డులిచ్చేవాళ్ళు కంప్యూటరు తెర మీద బొమ్మ ఎంత అందంగా ఉందన్నది మాత్రమే చూస్తే లాభం లేదు. ముందు చెప్పిన మాటకీ, తరువాత జరిగినదానికీ ఎంత దగ్గర ఉంది? వేరేవాళ్ళు అదే లెక్క చేస్తే అదే జవాబు వస్తోందా? దాన్ని ఎవరైనా నిజంగా వాడుకున్నారా? చూడాల్సినవి ఇవీ.

తెలుగువారి పతకాలు

సిమ్యులేషన్ పని చేసేవాళ్ళు అమెరికాలో 1952లోనే జాన్ మెక్లియాడ్ అనే ఇంజినీరు చొరవతో ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఈనాటికీ ఆయన పేరు మీద అవార్డు ఉంది. జీవితమంతా ఈ పనికే అంకితం చేసినవారికి జీవిత సాఫల్య పురస్కారాలు ఇచ్చే సంఘాలు కూడా ఉన్నాయి.

మనవాళ్ళ విషయానికొస్తే, ముందుగా చెప్పుకోవాల్సిన పేరు అట్లూరి సత్యనాథం గారు. మన కృష్ణమ్మ కిందికి పోయి పొలాలు తడిపే కృష్ణా జిల్లా గుడివాడ వారు. అమెరికాలో ప్రొఫెసరు. 1988 ఏప్రిల్‌లో హవాయి దీవుల్లో ఒక పాత విమానం ఎగురుతూండగానే పైకప్పు చిరిగి ఎగిరిపోయింది. ప్రయాణికులు బతికారుగానీ ఒక ఎయిర్‌హోస్టెస్ గాలిలో కొట్టుకుపోయింది, పాపం. ఒక్క పెద్ద పగులు కాదు, కంటికి ఆనని చిన్న చిన్న పగుళ్ళన్నీ ఒకదానితో ఒకటి కలిసి అంత పని చేశాయి. పాతబడ్డ విమానాల్లో పగుళ్ళు ఎలా పెరుగుతాయి, ఎప్పుడు ప్రమాదం అన్నది లెక్కల్లో పట్టుకునే పనిలో అట్లూరి గారిది పెద్ద చెయ్యి. భారత ప్రభుత్వం 2013లో ఆయనకి పద్మభూషణ్ ఇచ్చింది. 2023లో కన్నుమూశారు.

రెండోవారు జునుతుల నరసింహారెడ్డి గారు. ఓరుగల్లు బిడ్డ. మన ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్ళి టెక్సస్‌లో ప్రొఫెసరయ్యారు. పెద్ద వంతెననో, విమానం రెక్కనో చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క మీద పడే బరువు లెక్కకట్టి, మళ్ళీ అన్నీ కలిపి చూసే పద్ధతి ఒకటుంది. చుక్కల ముగ్గు అనుకోండి. చుక్కలు సరిగ్గా పెడితే ఎంత పెద్ద ముగ్గైనా తప్పు పోదు. ఆ పద్ధతి నేర్పే ఆయన పుస్తకాలు దేశదేశాల ఇంజినీరింగ్ పిల్లలు చదువుతారు. 1957 నుంచి ఇస్తున్న తిమోషెంకో పతకం 2019లో ఆయనకి దక్కింది. యంత్రశాస్త్రంలో దానికి ఎంతో పేరు.

ఆలస్యంగా వచ్చే బహుమతి

నోబెల్ బహుమతి కూడా ఈ పనికి వచ్చిందంటే ఆశ్చర్యపోతారేమో! 2013లో రసాయనశాస్త్రం నోబెల్ కార్‌ప్లస్, లెవిట్, వార్షెల్ అనే ముగ్గురికి ఇచ్చారు. పరీక్షనాళికలో జరిగే రసాయన చర్యని కంప్యూటరులో నడిపి చూసే పద్ధతి కనిపెట్టినందుకు. 2024లో మళ్ళీ అదే శాస్త్రంలో, మన ఒంట్లోని ప్రొటీన్ల ఆకారాన్ని కంప్యూటరుతో అంచనా వేసినందుకు, కొత్త ప్రొటీన్లను రూపొందించినందుకు ఇచ్చారు. కొత్త మందుల తయారీకి ఇవి దారి చూపుతాయి.

2021లో భౌతికశాస్త్రం నోబెల్‌లో భాగం అందుకున్న సుకురో మనాబే గారి సంగతి వినండి. జపాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డారు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో 1967లోనే లెక్కకట్టి చూపారు. ఇప్పటి మామూలు సెల్‌ఫోనుకున్న శక్తి కూడా లేని కంప్యూటర్ల మీద! బహుమతి వచ్చేనాటికి ఆయన వయసు 90. మధ్యలో 54 ఏళ్ళు. అన్నేళ్ళు ఎందుకంటే, లెక్క చెప్పింది నిజమో కాదో తేల్చాల్సింది భూమే కదా! మన కళ్ళముందు ఎండలు ముదిరి, వానలు గతి తప్పాక గానీ ఆయన మాట ఎంత నిజమో లోకానికి పూర్తిగా తెలిసిరాలేదు.

మన పల్లికాయ చేనుకూ ఒక మోడల్

ఇవన్నీ పెద్ద పెద్ద మాటలు, మన పొలం గట్టుకి వద్దాం. వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల మూడు చోట్లా యాసంగిలో వేరుశనగ మన పంట. పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ పరిశోధనా సంస్థలో వేరుశనగకి తయారైన కంప్యూటరు మోడల్‌ను 1990లలో నిజం పంట వేసి మరీ సరిచూశారు. నేల రకం, వాన, ఎండ, విత్తనం వేసిన తేదీ, ఎన్ని తడులు పెట్టాం అన్నది చెబితే, మొక్క రోజురోజుకీ ఎంత పెరుగుతుంది, ఎన్ని కాయలు పడతాయి అని లెక్క చెప్పే మోడల్ అది. పదిహేను రోజులు ఆలస్యంగా విత్తితే ఏమవుతుంది, ఒక తడి తగ్గితే దిగుబడి ఎంత పోతుంది అన్నది పంట నష్టపోకుండానే తెలుసుకోవచ్చు. రైతు ఒక ఏడు పంటతో ఒక పాఠమే నేర్చుకుంటాడు. అక్కడ ఒక పూటలో ముప్పై ఏళ్ళ పంట వేసి చూడొచ్చు!

మన నాగర్‌కర్నూలు జిల్లా పాలెంలోని వ్యవసాయ పరిశోధనా కేంద్రం వంటివి వాతావరణాన్ని బట్టి రైతులకి ఇచ్చే సలహాల వెనుక కూడా ఇలాంటి అంచనాలే ఉంటాయి. రేపు వానుందని తెలిస్తే ఈరోజు పీకిన కాయ ఎండలో వదలం కదా! మందు కొట్టిన కూలి దండగ కాదు. ఆ డబ్బు మిగిలేది మన ఇంట్లోనే.

లెక్క ఒక్కటే చాలదు

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మోడల్ దేవుడు కాదు. దాంట్లో వేసిన వాన లెక్క తప్పైతే వచ్చే వరద లెక్కా తప్పే. ఉప్పు కొలత తప్పాక ఎంత మంచి పొయ్యి మీద వండితే ఏం లాభం! వాగు మీద కొత్తగా కట్ట కట్టినా, చెరువు శిఖంలో ఇళ్ళు లేపినా పాత మోడల్ మారిన నేలకి పనికిరాదు. 2009లో లాగా ఎవరూ ఊహించనంత వాన పడితే, పాత వరదలు మాత్రమే చూసిన లెక్కకి ఊపిరాడదు. అందుకే మంచి శాస్త్రవేత్తలు "ఇంత నీళ్ళొస్తాయి" అని ఒకే అంకె చెప్పరు. "ఇంత నుంచి ఇంత వరకు రావచ్చు" అంటారు. దాన్ని తెలియనితనం అనుకోవద్దు. అది నిజాయితీ.

ఇంకో మాట. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పది వేలమంది పోయారు. 2013లో ఫైలిన్ అంతటి తుఫాను వచ్చినా పోయినవాళ్ళు పదుల్లోనే ఉన్నారు. కారణం, లెక్క ఒక్కటే కాదు. లక్షలమందిని ముందే పక్కకు తరలించారు. సైక్లోను షెల్టర్లు కట్టారు. చేతి మైకు పట్టుకుని వీధి వీధి తిరిగిన ఊరి ఉద్యోగి, మంచంలో ఉన్న ముసలమ్మని ఆటో ఎక్కించిన ఆశా కార్యకర్త, వండి పెట్టిన స్వయం సహాయక సంఘం అక్కలు - వీళ్ళు లేకపోతే కంప్యూటరు జవాబు కంప్యూటరులోనే ఉండిపోయేది. లెక్క కట్టినవాళ్ళకి ఢిల్లీలో పతకం ఇవ్వడం న్యాయమే. ఆ లెక్కని గడప గడపకీ మోసినవాళ్ళకి కనీసం మండలాఫీసులో ఒక శాలువా అయినా కప్పాలని నా మనవి. పైసా ఖర్చులేని పని ఒకటుంది - ఈసారి వాళ్ళు తలుపు తట్టినప్పుడు విసుక్కోకుండా వినడం.

మీ పిల్లల్లో ఈ ఆసక్తి ఉంటే...

- "ఇలా చేస్తే ఏమవుతుంది?" అని పదేపదే అడిగే పిల్లల్ని కసరకండి. ఈ చదువుకి అదే మొదటి మెట్టు.
- లెక్కలు, భౌతికశాస్త్రం గట్టిగా రావాలి. ఇంటర్లో ఎంపీసీ తీసుకుంటే సివిల్, మెకానికల్, కంప్యూటరు ఇంజినీరింగ్, వాతావరణశాస్త్రం దారులుంటాయి. వ్యవసాయ డిగ్రీ చదివినవాళ్ళు పంటల మోడళ్ళ వైపు వెళ్ళవచ్చు. స్టాటిస్టిక్స్ చదివిన ఆడపిల్లలకి కూడా ఇందులో మంచి అవకాశాలున్నాయి.
- 6వ తరగతి నుంచి పై తరగతుల పిల్లలకి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖవారి ఇన్‌స్పైర్ మానక్ అవార్డులున్నాయి. పిల్లవాడి ఆలోచనని బడి ద్వారానే పంపాలి. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు పిల్లవాడి ఖాతాలో వేస్తారు. తరువాత జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి ప్రదర్శనలుంటాయి. బడి తెరవగానే సైన్సు టీచరుగారిని అడగండి.
- వాన పడిన రోజు పెరట్లో ఒక నిట్రగా ఉన్న డబ్బా పెట్టి, స్కేలుతో కొలిచి, నోటుబుక్కులో తేదీ వేసి రాయించండి. ఒక వానాకాలం మొత్తం రాస్తే ఎంత నేర్చుకుంటారో మీరే చూస్తారు.

వరద హెచ్చరిక వస్తే ఇంట్లో...

1. ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్కులు, పట్టా కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు ఒకే ప్లాస్టిక్ సంచిలో వానాకాలం మొదట్లోనే పెట్టుకోండి.
2. బియ్యం, పప్పులు, విత్తనాలు అటక మీదికి. అటుకులు, పల్లీలు, బెల్లం, మంచినీళ్ళు ఒక సంచిలో చేతికందేలా.
3. బీపీ, షుగరు మందులు వారానికి సరిపడా. చంటిపిల్లలుంటే ఓఆర్‌ఎస్ పొట్లాలు మరవకండి.
4. గ్యాసు కట్టేసి, కరెంటు మెయిన్ ఆపేయండి. తడి చేత్తో స్విచ్చి ముట్టుకోవద్దు.
5. పశువుల పలుపు విప్పేయండి. కట్టేసి మాత్రం వెళ్ళకండి.
6. మగ్గం ఉన్న ఇంట్లో అట్టలు, పట్టు, జరీ ముందు పైకి చేర్చండి. గళ్ళ కాగితాలకి సెల్‌ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి.
7. పారే నీళ్ళు మోకాలి లోతున్నా వాగు దాటవద్దు. బండి మీద అసలే వద్దు.
8. ఫోనులో సచేత్ యాప్ ఉంటే హెచ్చరికలు వస్తాయి. పిడుగుల సంగతి దామిని యాప్ చెబుతుంది. ఆపదలో 112కి ఫోన్ చేయండి.